పద్నాలుగు రోజుల వనవాసం

ఇల్లూ వాకిలీ లేనివాడిలా పది రోజులు బతకాలంటే అమెరికాలో చేతినిండా డబ్బుండాలి. అద్దె కట్టలేనివాడికి ఆ యోగం పట్టదు. ముందు సొంతిల్లుండాలి, దానికి ముప్పై ఏళ్ళ అప్పుండాలి, రెండు కార్లుండాలి, అడగ్గానే సెలవిచ్చే మేనేజరుండాలి. ఇవన్నీ అమరినవాడు మాత్రమే మే నెలలో ఓ పొద్దున కిటికీలోంచి పక్కింటి కంచెకేసి చూసి, నిట్టూర్చి, "ఈ సుఖాలన్నీ వదిలేసి ప్రకృతిలోకి పోవాలి" అనుకోగలడు. అనుకున్నాక ఆ సుఖాలన్నిటికీ జాబితా రాసుకుని కాస్ట్‌కోకి బయల్దేరతాడు.

2024లో అమెరికా జాతీయ పార్కుల శాఖ లెక్కగట్టిన సందర్శనలు 33 కోట్ల 19 లక్షలు. అంటే మన ముప్పై మూడు కోట్ల దేవతలూ సకుటుంబంగా ఒకసారి వెళ్ళొచ్చినట్టే. దేవతలకైతే స్వర్గంలో తలా ఒక చోటుంది. యోసెమిటీ జాతీయ పార్కు లోయలో డేరా జాగా దొరకడం అంత తేలిక కాదు. అయిదు నెలల ముందు, నెలలో 15వ తేదీన, పసిఫిక్ కాలమానం ప్రకారం ఉదయం సరిగ్గా ఏడింటికి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ఏడూ అయిదుకి కాఫీ కప్పుతో తీరిగ్గా వచ్చినవాడు హోటల్ వెతుక్కోవాల్సిందే. ఈ విద్యలో మాత్రం మనవాళ్ళని కొట్టేవాడు లేడు. తిరుమల మూడొందల రూపాయల టికెట్ల మీద చెయ్యి తిరిగిన జాతి మనది. మూడు ల్యాప్‌టాప్‌లు, నాలుగు ఫోన్లు, డల్లాస్‌లో తమ్ముడు, న్యూజెర్సీలో తోడల్లుడు అంతా ఒకే క్షణంలో మీట నొక్కుతారు. "పడిందా?" "పడింది!" అన్న కేకకి ఇంట్లో గోవింద నామస్మరణ ఒక్కటే తక్కువ. కొండెక్కాలన్నా లాటరీయే. యోసెమిటీలో హాఫ్ డోమ్‌కి, జయన్ పార్కులో ఏంజెల్స్ లాండింగ్‌కి చీటీ తగిలితేనే పాదం మోపాలి. కాళ్ళున్నాయి కదా అని ఎక్కేస్తే కుదరదు.

డబ్బు కట్టకుండా పడుకునే చోట్లూ ఉన్నాయి. పశ్చిమ రాష్ట్రాల్లో బీఎల్‌ఎం అనే శాఖ చేతిలో లెక్కలేనంత ప్రభుత్వ భూమి ఉంది. అందులో చాలాచోట్ల ఎవరైనా ఉచితంగా మకాం పెట్టుకోవచ్చు, కాకపోతే మామూలుగా ఒకచోట 14 రోజులే. ఆ తర్వాత మూటాముల్లె సర్దుకుని దూరంగా జరగాలి. రాములవారు ఇక్కడ పుట్టి ఉంటే పద్నాలుగేళ్ళలో మూడువందల అరవై అయిదు సార్లు మకాం ఎత్తేవారు. పర్ణశాల శాశ్వత నిర్మాణం కిందికి వస్తుంది కనుక మొదటి వారంలోనే నోటీసు. లక్ష్మణస్వామి పచ్చికొమ్మ నరికితే జరిమానా. చిత్రకూటంలో ఏరిన ఎండుకట్టెలు పంచవటికి తెస్తే వాటితో పురుగులొస్తాయని అభ్యంతరం. బంగారులేడి దగ్గరికి పాతిక గజాలలోపు పోకూడదు, అలా అయితే రామాయణం అరణ్యకాండలోనే ఆగిపోయేది. ఇక శూర్పణఖ సంగతి. ఆ అడవిలో ముందునుంచీ కాపురం ఉన్నది ఆవిడ. అలాంటివాళ్ళ మాట కాసేపట్లో వస్తుంది.

బే ఏరియాలో సాఫ్ట్‌వేర్ కొలువు చేసే ఒక అల్లుడుగారిని ఊహించుకోండి. ఊహించుకోవడమెందుకు, మీ బంధువుల్లోనే ఒకరుంటారు. మొదటేడు ఆయన డేరా కొన్నారు. ఆర్నెల్ల వీసా మీద వచ్చిన అత్తమామలకి అమెరికా చూపించే బాధ్యత ఆయనదే.

"ఈ వారం ఎక్కడికి బాబూ?"

"అడవికి అత్తయ్యా. గుడారంలో పడుకుంటాం."

"గుడారమా? ఇల్లు అమ్మేశారా?"

అమ్మలేదనీ, ఇది సరదాకనీ చెప్పడానికి ఆయనకి పావుగంట పట్టింది. ఆవిడ రెండో ప్రశ్నకి మాత్రం జవాబు దొరకలేదు. రాత్రిపూట అవసరమొస్తే టార్చిలైటు పట్టుకుని కాస్త దూరం నడవాలని ఆయన చెప్పీ చెప్పకముందే ఆవిడ అందుకుంది. "మా ఊళ్ళో గవర్నమెంటోళ్ళు ఇంటింటికీ దొడ్డి కట్టించి, బయటికెళ్తే పరువు పోతుందని మైకుల్లో చెప్పి మరీ మాన్పించారు నాయనా. నువ్వు డాలర్లు పోసి మళ్ళీ చెంబు పట్టిస్తావా?"

యోసెమిటీలో ఎలుగుబంట్లున్నాయి. కారు తలుపుని అరటితొక్కలా ఒలిచే రకం. అందుకని తినే వస్తువులే కాదు, వాసనొచ్చేవన్నీ, సబ్బూ టూత్‌పేస్టూ సహా, డేరా పక్కన ఉండే ఇనప పెట్టెలో పెట్టి గడియ వెయ్యాలి. ఈ నిబంధన రాసినవాడు తెలుగువాళ్ళ సామాను చూసి ఉండడు. మన ఇంట్లో వాసన రానిదేది? ఆవకాయ వెళ్ళింది, ఇంగువ వెళ్ళింది, పులిహోర వెళ్ళింది. కొబ్బరినూనె, అగరొత్తులు, కర్పూరం, విభూతి వెళ్ళాయి. పెట్టె నిండాక బయట మిగిలినవాళ్ళు మనుషులు. తాతయ్య నడుముకి అమృతాంజనం రాసుకున్నాడు కాబట్టి ఆయన్ని కూడా లోపల పెట్టాలేమోనని మనవడి సందేహం. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలన్నది మరో నియమం. కుక్కరు మూడో విజిలుకి రేంజరమ్మ వచ్చి నిలబడింది.

మర్నాడు లోయలో తిరుగుతుంటే ఒక పెద్ద బండరాతి మీద గుండ్రటి గుంటలు కనిపించాయి. అల్లుడుగారు వాన నీటికి పడ్డాయన్నారు. "వానకెందుకు పడతాయి, రోళ్ళవి" అంది అత్తగారు. ఆవిడ చెప్పిందే నిజం. ఓక్ గింజలు దంచుకున్న రోళ్ళు. దంచినవాళ్ళు అవానీచీలు. ఏ ఇనప పెట్టెలూ లేకుండానే తరతరాలుగా ఎలుగుబంట్లతో ఇరుగుపొరుగుగా బతికినవాళ్ళు. 1851లో కాలిఫోర్నియా రాష్ట్రం పంపిన మారిపోసా బెటాలియన్ ఆ లోయలోకి దూరి, వాళ్ళ గుడిసెల్నీ దాచుకున్న గింజల్నీ తగలబెట్టి, వాళ్ళని వెళ్ళగొట్టింది. 1864లో లింకన్ సంతకంతో ఆ లోయ ప్రజలందరి విహారం కోసమని రక్షిత స్థలమైంది. 'ప్రజలందరూ' అన్న లెక్కలోంచి ఎవరిని తీసేశారో పదమూడేళ్ళ ముందే ఖాయమైపోయింది.

కొందరు మళ్ళీ చేరుకున్నారు. పార్కుకి పనివాళ్ళు కావాలి, వచ్చేవాళ్ళకి తమాషా కావాలి కనుక ఉండనిచ్చారు. 1916 నుంచి 'ఇండియన్ ఫీల్డ్ డేస్' అని ఒక జాతర జరిపేవారు. అవానీచీల సొంత కట్టు పర్యాటకులకి ఆనదని, ఎక్కడో మైదానాల తెగలవాళ్ళ వేషాలు వేసుకోమని ప్రోత్సహించేవారు. తర్వాత తర్వాత పార్కులో ఉద్యోగమున్నవాళ్ళకే ఇల్లు. 1969లో వాళ్ళ వాడలో మిగిలిన ఇళ్ళని అగ్నిమాపక సిబ్బంది తర్ఫీదు కోసం తగలబెట్టారు. నూట పద్దెనిమిదేళ్ళ క్రితం కసికొద్దీ చేసిన పనిని ఈసారి శాస్త్రీయంగా చేశారన్నమాట. చివరి మనిషి 1996లో ఖాళీ చేశాడు. అడవి నిజమైన అడవి కావాలంటే అందులో మనుషులుండకూడదు. రెండు రాత్రులకి రుసుము కట్టినవాళ్ళు తప్ప.

రెండో ఏడు అల్లుడుగారు డేరా అమ్మేసి ఆర్‌వీ అనే ఇంటిబండి అద్దెకి తీసుకున్నారు. అత్తగారి చెంబు ప్రశ్నకి అమెరికా పరిశ్రమ కనిపెట్టిన జవాబది. పెద్దవి మన పల్లెవెలుగు బస్సంత పొడుగు. మీట నొక్కితే గోడ పక్కకి జరిగి హాలు వెడల్పవుతుంది. మంచాలు, ఫ్రిజ్, మైక్రోవేవ్, నెత్తిన ఏసీ. ఖరీదైనవాటిలో కరెంటుతో నడిచే నెగడు కూడా ఉంటుంది. బయట నిజం కట్టెలూ నిజం చలీ ఉన్నా, లోపల గాజుపలక వెనక ఉత్తుత్తి మంట వెలుగుతుంటుంది. గాలనుకి ఎనిమిదో పదో మైళ్ళు. ఇల్లు ఒకచోట నిలిపాక పాలకి వెళ్ళడానికని కొందరు వెనకాల ఒక కారు కూడా కట్టి ఈడ్చుకొస్తారు. ఇదంతా ప్రకృతి మీద ప్రేమతోనే.

ఈ బళ్ళలో పేరుమోసింది విన్నిబేగో. 1958లో అయోవాలోని విన్నిబేగో కౌంటీలో పుట్టిన కంపెనీ. ఆ కౌంటీకి ఆ పేరు ఒక తెగనుంచి వచ్చింది. విస్కాన్సిన్‌లో ఉండేవాళ్ళని అయోవాకి, అక్కణ్ణుంచి మిన్నెసోటాకి, 1863లో అక్కణ్ణుంచి కూడా లేపి డకోటాకి తోలారు. ఇన్నిసార్లు ఊరు మార్పించిన జనం పేరు చక్రాల మీది ఇంటికి పెట్టడంలో ఔచిత్యం లేదని ఎవరనగలరు? పరిశ్రమకి హాస్యం తెలియదనుకోవడం మన పొరపాటు.

నౌకర్లతో సహా అడవికి పోయే ఆచారం మాత్రం కొత్తది కాదు. 1915 నుంచి 1924 దాకా హెన్రీ ఫోర్డ్, థామస్ ఎడిసన్, టైర్ల ఫైర్‌స్టోన్, మొదటి కొన్నేళ్ళు ప్రకృతి రచయిత జాన్ బరోస్ కలిసి చాలా వేసవుల్లో రోడ్డు మీద పడేవారు. తమకి తాము పెట్టుకున్న పేరు 'దేశదిమ్మరులు'. ఈ దిమ్మరుల వెనక వంటవాళ్ళు, వంటబండి, సామాన్ల లారీలు, ఫోటోలు తీసేవాళ్ళు. డేరాల్లో ఎడిసన్ గారి బ్యాటరీలతో కరెంటు దీపాలు. 1921లో సాక్షాత్తు అధ్యక్షుడు హార్డింగ్ కూడా వచ్చి వాళ్ళతో విడిది చేశాడు. కారు, టైరు, దీపం అమ్ముకునేవాళ్ళు ముగ్గురూ కలిసి "రండి, అన్నీ వదిలేసి అడవికి పోదాం" అని దేశానికి పిలుపిచ్చారు. దేశం నమ్మింది. కార్లు కొంది, టైర్లు కొంది.

ఆర్‌వీలో అన్ని సుఖాలూ ఉన్నాయి కానీ ఆ సుఖాల్లో ఒకదాని ఫలితం బండి అడుగున తొట్టెలో చేరుతుంది. మూడు నాలుగు రోజులకోసారి డంప్ స్టేషన్‌కి తీసుకెళ్ళి, లావుపాటి గొట్టం తగిలించి, మీట లాగి వదలాలి. మన అల్లుడుగారి వంశంలో ఏ తరమూ చీపురు పట్టలేదు. ఊళ్ళో సెప్టిక్ ట్యాంకు లారీ ఎదురైతే ముక్కు మూసుకుని సందు మారే కుటుంబం. ఆ పని చేసేవాళ్ళకి మంచినీళ్ళు దోసిట్లో ఎత్తి పోసిన ఇల్లు. అలాంటి ఇంటి బిడ్డ, రెండు డిగ్రీలవాడు, రబ్బరు తొడుగులేసుకుని గొట్టం పట్టుకుని, వెనక వరసలో ఉన్న టెక్సస్ పెద్దమనిషితో వాతావరణం గురించి మాట్లాడుతూ సంతోషంగా నిలబడ్డాడు. దీన్ని ఆ కుటుంబం సాహసయాత్రలో భాగమని వాట్సాప్‌లో పెట్టింది. అరవై లైకులు. మామగారు మాత్రం ఆ ఫోటో ఊళ్ళో గ్రూపులోకి పోనివ్వలేదు.

బండి ఎల్లోస్టోన్ చేరింది. 1872లో పుట్టిన మొట్టమొదటి జాతీయ పార్కు. అక్కడి జనం ప్రవర్తన గురించి మన తెలుగువాళ్ళని ముందే ఆడిపోసుకోనక్కర్లేదు. ఉడుకుతున్న వేడినీటి బుగ్గలో గోనెసంచిలో కోళ్ళని వేలాడదీసి వండుకోబోయి, 2020లో పట్టుబడి, రెండేళ్ళ పాటు పార్కులోకి రావద్దనిపించుకున్న ఘనులు చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. 2016లో అడవిదున్న పిల్ల చలికి వణుకుతోందని జాలిపడి, ఎత్తి కారులో వేసుకుని రేంజర్ల దగ్గరికి తెచ్చారు మరికొందరు. తిరిగి మందలో కలపబోతే మంద రానివ్వలేదు, చివరికి దాన్ని చంపాల్సొచ్చింది. పార్కు వాళ్ళూ తక్కువ తినలేదు. ఒకప్పుడు హోటళ్ళ చెత్తకుప్పల దగ్గర ఎలుగుబంట్లు మేస్తుంటే చూడ్డానికి మెట్లమెట్ల గ్యాలరీలు కట్టించి కూర్చోబెట్టినవారు వాళ్ళే. మనుషుల తిండి రుచి మరిగాక, మనుషుల దగ్గరికి రావడం ఎలుగుల తప్పయింది.

ఎల్లోస్టోన్‌కి కూడా ఒక శూర్పణఖ కథ ఉంది. కొండగొర్రెల్ని వేటాడి బతికే టుకుడికాలు, షొషోనీ జనం, ఆ కొండల్లోనే ఉండేవాళ్ళు. వాళ్ళని బయటికి పంపేశాక, ఈ గీజర్ల బుసలకి జడిసి ఆదివాసులెవరూ ఇక్కడికొచ్చేవారు కాదని పార్కు పెద్ద ఫిలిటస్ నారిస్ ప్రచారం చేశాడు. పర్యాటకుడికి భయం పోవాలంటే భయపడ్డది వేరొకడని చెప్పాలి. అంతకుముందు, 1877 ఆగస్టులో, పార్కుకి అయిదేళ్ళు నిండిన ఏడాది, మోంటానానుంచి వచ్చిన ఒక సరదా బృందం డేరాలేసుకుని ఉండగా ఎనిమిదివందల దాకా నెజ్ పర్స్ జనం పిల్లాజెల్లాతో, గుర్రాలతో అదే దారిన వచ్చారు. సొంత లోయలోంచి గెంటేస్తే, వెనక సైన్యం తరుముతుంటే పారిపోతున్నవాళ్ళు. సరదావాళ్ళని పట్టుకున్నారు, కొందరి మీద కాల్పులు జరిపారు. పార్కులో ఇద్దరు పర్యాటకులు చనిపోయారు కూడా. అదే అడవి, అదే నిప్పు, అదే ఆరుబయట నిద్ర. ఒకరిది విహారయాత్ర, ఇంకొకరిది ప్రాణభయం. అక్టోబరులో కెనడా సరిహద్దు ఇంకా నలభై మైళ్ళుందనగా నెజ్ పర్స్ వాళ్ళలో చాలామంది దొరికిపోయారు. సరదా బృందంవాళ్ళలో కొందరు తర్వాత జ్ఞాపకాలు అచ్చేసుకున్నారు.

ఈ నమూనా మనదాకా రాలేదనుకోకండి. నల్లమలలో ఫర్హాబాద్ దగ్గర సఫారీ జీపెక్కి పులిని చూడొచ్చు. ఆ పులితో కలిసి ఉన్న చెంచు పెంటల్ని, అంటే చెంచుల గూడేల్ని మాత్రం పులి క్షేమం కోరి మైదానానికి తరలించాలని చూస్తారు. జీపు చప్పుడుకి పులి బెదరదు కాబోలు, చెంచువాడి తేనె కుండంటేనే దానికి బెదురు.

అల్లుడుగారి తిరుగు ప్రయాణం ఆరెగాన్ మీదుగా. క్రేటర్ లేక్ దగ్గర పదిహేను నిమిషాలాగారు. అమెరికాలో అన్నిటికన్నా లోతైన సరస్సుకి ఆ పాటి సమయం చాలు, ఫోటోలో లోతు కనపడదు కదా. దారిలో ఒక క్యాంపులో రాత్రి గడిపారు. అక్కడ మరుగుదొడ్లు కడుగుతున్న తెల్లజుట్టు ముసలాయన చక్కగా పలకరించాడు. ఎంత అదృష్టవంతుడో, రిటైరై అడవిలోనే ఉంటున్నాడని మామగారు మురిసిపోయారు. పాత వ్యానే ఆయన ఇల్లు. అద్దె కట్టే స్తోమత లేక చక్రాల మీదికి చేరిన ముసలివాళ్ళు ఆ దేశంలో కోకొల్లలు. వాళ్ళ కోసమే అమెజాన్ 'కాంపర్‌ఫోర్స్' అని ఒక పథకం నడిపింది. పండగ రద్దీ రోజుల్లో గోదాముల్లో పార్సిళ్ళు మోయడానికి. ఆ పార్సిళ్ళలో డేరాలు కూడా ఉండే ఉంటాయి.

క్రేటర్ లేక్ నుంచి రెడ్‌వుడ్ చెట్ల అడవికి పోయే దారిలో గ్రాంట్స్ పాస్ అనే చిన్న ఊరు తగులుతుంది. అల్లుడుగారు అక్కడ పెట్రోలు పోయించుకున్నారు, పిల్లలు ఐస్‌క్రీమ్ తిన్నారు. ఊళ్ళో నది ఒడ్డునే చక్కటి పార్కులున్నాయి. వాటిలో డేరా వెయ్యక్కర్లేదు, దుప్పటి పరుచుకుని పడుకున్నా 2024 నాటి ఊరి చట్టం ప్రకారం క్యాంపింగే, నేరమే. జరిమానా 295 డాలర్లు ఉండేది. మళ్ళీ మళ్ళీ దొరికితే పార్కులో అడుగుపెట్టొద్దని ఉత్తర్వు, అదీ మీరితే 30 రోజుల దాకా జైలు. ఊళ్ళో ఇల్లు లేనివాళ్ళు వందల్లో ఉన్నారు, వాళ్ళకి సరిపడా ఆశ్రయం లేదు, మరెక్కడ పడుకోవాలని వాళ్ళు కోర్టుకెక్కారు. 2024 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా చీలి, ఊరు చేసింది సబబేనంది. ఇలాంటి జరిమానా క్రూరమైన శిక్ష కిందికి రాదట.

లెక్క చూస్తే సబబుగానే ఉంది. యోసెమిటీ లోయలో డేరా జాగాకి రాత్రికి 36 డాలర్లు. 295 డాలర్ల జరిమానా కట్టగలిగినవాడు ఆ సొమ్ముతో గ్రానైటు కొండల కింద, జలపాతం చప్పుడు వింటూ, రేంజరు కాపలాలో, ఎనిమిది రాత్రులు హాయిగా నేరం చెయ్యకుండా నిద్రపోవచ్చు. ఒక్కటే చిక్కు. వేసవిలో ఆ లోయలో ఎవరికైనా ఏడు రాత్రులే అనుమతి. ఎనిమిదోది ఎక్కడన్నది తీర్పులో రాయలేదు.